ముందు నువ్వు తాగు

మా అత్త బయమ్మ నోరంటే ఊరంతా భయపడేది. ట్యాంకరు నీళ్లు వచ్చిన రోజు ఎవరైనా వరుస తప్పి బిందె పెడితే చాలు, ఆ బిందెనూ, అది మోసుకొచ్చిన ఆడమనిషినీ, ఆమెను కన్నవాళ్లనూ కలిపి దులిపేసేది. పెళ్లయిన కొత్తలో ఆ నోటికి తట్టుకోలేక నేను కణేకల్‌లోని పుట్టింటికి పారిపోయాను. మా నాయన మళ్లీ బస్సెక్కించి పంపేశాడు. ఇక లాభం లేదని నేనూ నోరు నేర్చుకున్నాను. మా ఇద్దరి మాటలు వినడానికి పక్కింటి తిరుపాలమ్మ పని మానుకుని గోడ దగ్గర నిలబడేది.

అలాంటి మనిషికి నోట్లోనే పుండు పడింది. ఎన్నో ఏళ్లుగా ఎడమ దవడన పెట్టుకున్న వక్కాకు, పొగాకు ఆ చోటే తినేశాయి. బెంగళూరు తీసుకుపోయి పెద్దాసుపత్రిలో చూపించాం. ఆలస్యం చేశారని తిట్టి, ఇంటికి తీసుకుపోయి నొప్పి లేకుండా చూసుకోమన్నారు. నొప్పి లేకుండా ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పలేదు. రెండువేల నాలుగో సంవత్సరం అది. పామిడి అవతల మా చేలో వేరుశనగ ఊడలు భూమిలోకి దిగకుండానే ఎండిపోయింది. ఇంట్లో ముసలామె, బయట చేను, రెండూ ఒకేసారి మాడిపోతుంటే ఏడవడానికి కూడా నాకు తీరిక లేదు.

మా ఆయన ఎర్రిస్వామి బోరుబండి మీద పనిచేసేవాడు. మా సీమలో నీళ్లు పడినా పడకపోయినా బోర్లు వేసేవాళ్లు ఆగరు కాబట్టి మా ఇల్లు గడిచేది. కొన్నేళ్ల కింద ఒక ఇనుప పైపు జారి ఆయన నడుం మీద పడింది. ఊళ్లో సూదులు వేసే సుంకప్ప దగ్గరకు పోయి నొప్పికి సూది వేయించుకున్నాడు. నడుం బాగైంది గానీ సూదులు ఆగలేదు. తొడల మీద చర్మం నల్లబడి, గట్టిపడి, చెయ్యి వేస్తే చెక్కలా తగిలేది. ఇదేమని అడిగితే, "నడుం నొప్పి నీకేం తెలుస్తాది, గమ్మునుండు" అని కసిరేవాడు. నొప్పికి సూది వేయించుకోవడంలో తప్పేముందని నేనూ గమ్మునున్నాను.

అత్తకు నొప్పి ముదిరి, తలను గోడకేసి కొట్టుకునే స్థితికి వచ్చాక అనంతపురంలో ఒక ట్రస్టువాళ్ల నొప్పుల ఆసుపత్రి ఉందని తెలిసి అక్కడికి తీసుకుపోయాం. రెండు గదుల ఆసుపత్రి. డాక్టరు పేరు హరినాథ్. చిన్నవాడు, మాట మెత్తన. అత్త నోట్లోకి లైటు వేసి చూసి మార్ఫిన్ మాత్రలు ఇచ్చాడు. చిన్నవి, తెల్లవి.

"ఇది నల్లమందు నుంచి తీసిన మందమ్మా. ఇలాంటి నొప్పికి దీన్ని మించింది లేదు. కానీ బయటివాళ్లకు పోయిందంటే పోలీసు కేసు. ఇచ్చినవాళ్లకు జైలు, మాకు లైసెన్సు పోతుంది. ఇంతకుముందు ఒక ఊళ్లో అలాగే జరిగి మా ఆసుపత్రి మూతపడినంత పనైంది. జాగ్రత్త" అని చెప్పి మాత్రల డబ్బా నా చేతిలో పెట్టాడు. మా ఆయన పక్కనే నిలబడి అంతా విన్నాడు.

ఇంటికొచ్చి మొదటి మాత్ర నూరి, నీళ్లలో కలిపి పోశాను. "థూ, ఏం చేదే ఇది! యాప చెట్టు మొత్తం నూరి పోసినావా?" అని అత్త మూతి తిప్పింది. ఆ మధ్యాహ్నం కళ్లు మూసుకుని పడుకుంది. సాయంత్రం లేచి కూర్చుని, వాకిలి ఊడ్చిన తీరు బాగాలేదనీ, కణేకల్ వాళ్లకు చీపురు పట్టడమే రాదనీ నన్ను తిట్టింది. ఎన్ని నెలల తర్వాత విన్నానో ఆ తిట్లు! వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

అలా కొన్ని వారాలు బాగానే గడిచింది. తర్వాత మాత్రలు వారం తిరగకముందే అయిపోవడం మొదలైంది. డాక్టరు మాత్రలిచ్చేది సోమవారాల్లోనే. శనివారానికే డబ్బా అడుగు కనిపించేది. నేనే ఎక్కువ పోస్తున్నానేమో, నూరేటప్పుడు కింద పోతోందేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ సోమవారం దాకా ఆ మనిషిని ఎలా నిలబెట్టడం?

నాకు తెలిసిన మందు ఒక్కటే. చిన్నప్పుడు మాకు నిద్ర పట్టకపోయినా, కడుపులో నొప్పి అన్నా, మా అమ్మ గసగసాలు నానబెట్టి, వెన్నలా నూరి, పాలల్లో బెల్లం వేసి కాచి పోసేది. నేనూ అదే చేశాను. పిడికెడు గసగసాలు చాలక రెండు పిడికిళ్లు వేశాను. గ్లాసు తీసుకుపోయి ఇస్తే అత్త వాసన చూసి, నా ముఖం చూసి, గ్లాసు వెనక్కి నెట్టింది.

"ఏం కలిపినావే ఇందులో?"

"గసగసాలు అత్తా. నొప్పి తగ్గుతాది, తాగు."

"నన్ను చంపి ఇల్లు ఏలుదామని చూస్తాండావా? ముందు నువ్వు తాగు."

ఒళ్లు మండింది. సగం గ్లాసు గటగటా తాగేసి, నోరు తెరిచి చూపించాను.

"చావలే కదా?" అంది అత్త.

"ఇంకా ల్యా."

"అయితే ఇటియ్యి."

తాగి, నవ్వింది. నవ్వితే పుండు లాగుతుందని తెలిసీ నవ్వింది. తర్వాత కాస్త నిద్రపోయింది. అప్పట్నుంచీ అదొక ఆటయిపోయింది మాకు. నేను పాలు తెచ్చిన ప్రతిసారీ ఆమె "ముందు నువ్వు తాగు" అనడం, నేను సగం తాగి నోరు తెరవడం, "చావలే కదా" అని ఆమె అడగడం. ఊరంతా భయపడే మనిషి చివరికి నాతో ఆడుకుంటోంది గదా అని నాకు లోపల ముచ్చటగా ఉండేది. మా ఆయన ఆ పాలు ముట్టేవాడు కాదు. ఆయనకు పాలంటేనే గిట్టదు.

మాత్రలు చాలడం లేదని నేనే పోయి డాక్టరుకు చెప్పాను. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. ఆయన ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. అత్త కాక మేమిద్దరమే అన్నాను. ఆ సోమవారం మా ఇద్దరినీ పిలిపించి, చెరొక ప్లాస్టిక్ కప్పు ఇచ్చి మూత్రం పట్టుకురమ్మన్నాడు. ఒంట్లో మార్ఫిన్ ఉంటే చెప్పే పట్టీలు ఆయన దగ్గరున్నాయి. ఆ పట్టీ తీరే తలకిందులు. మందు లేని మనిషికి రెండు గీతలు వస్తాయి. మందు ఉన్న మనిషికి ఒక గీత రాకుండా పోయి, ఒక్కటే మిగులుతుంది.

మా ఆయన పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. నా పట్టీ మీద ఒక్కటే వచ్చింది.

డాక్టరు ఇంకో పట్టీ ముంచి చూశాడు. మళ్లీ ఒక్కటే. "దగ్గుమందు ఏమైనా తాగావా అమ్మా? కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా ఇలా వస్తుంది" అన్నాడు. తాగలేదన్నాను. "వేరే మాత్రలు?" లేదన్నాను. పొద్దున పాలు తాగానని చెప్పాలని నాకెలా తోస్తుంది? దొంగతనం గురించి అడుగుతున్న మనిషికి ఎవరైనా వంటింటి సంగతులు చెప్తారా?

"ఏమే, నా తల్లి మాత్రలు నువ్వు మింగుతాండావా?" అని మా ఆయన అరిచాడు. వరండాలో జబ్బుమనుషులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు అందరూ నావైపు తిరిగి చూశారు. తల కొట్టేసినట్టయింది నాకు. డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. మాత్రల డబ్బా మాత్రం మా ఆయన చేతికిచ్చాడు.

ఆయన దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "నీ చేతికి మాత్ర ఇస్తే మింగేస్తావు" అని తానే పొడి చేసి, కాగితం పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. పొట్లం విప్పి నీళ్లలో కలిపి పోయడం నా పని. ఊరికి సంగతి తెలియడానికి ఒక్క పూట పట్టింది. ట్యాంకరు దగ్గర నేను పోయి నిలబడితే ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. "మత్తు హేమావతి" అని నాకు పేరు పెట్టారు. కణేకల్ నుంచి మా నాయన వచ్చాడు. నన్ను ఒక్క మాట అడగకుండా అరుగు మీద కాసేపు కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు మా ఆయనను చంపాలన్నంత కోపం వచ్చింది నాకు. అప్పటికింకా ఆయన చేసింది తెలియదు, ఊరికే వచ్చింది.

మాత్రలు ఆయన చేతికి పోయినప్పట్నుంచీ అత్తకు నొప్పి తగ్గడమే మానేసింది. డాక్టరుకు చెప్తే మోతాదు పెంచాడు. మా ఆయన పెద్ద డబ్బా తెచ్చుకున్నాడు. పొట్లాలు లావయ్యాయి. నొప్పి అలాగే ఉంది. పొట్లం కలిపి పోసిన తర్వాత కూడా ఆమె చీర చెరగు మెలిపెట్టి పళ్ల మధ్య పెట్టుకుని మూలుగుతుండేది. నేను గసగసాల పాలు కాస్తూనే ఉన్నాను. "ముందు నువ్వు తాగు" అనడం మాత్రం మానలేదు ఆమె. నవ్వడం మానేసింది.

ఒకరోజు పెరట్లో గసగసాలు కడుగుతుంటే తిరుపాలమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది. ఆమె కొన్నాళ్లు కువైట్‌లో ఒక షేకు ఇంట్లో వంటపని చేసి వచ్చిన మనిషి. ఊరంతా నాతో మాటలు తగ్గించినా ఆమెకు మాట్లాడకపోతే తోచదు.

"అన్ని గసగసాలు ఏం చేసుకుంటావమ్మే? ఇవి పట్టుకుని కువైట్‌కు పోయినావంటే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు తెలుసా? నాతో వచ్చినామె మసాలా డబ్బాలో ఇన్ని గసగసాలు పెట్టుకోనుండె. ఆమెను పక్కకు తీసుకపోయి ఏడిపించినారు."

"గసగసాలకేమొచ్చె?"

"నల్లమందు కాయలో గింజలే కదమ్మే ఇవి! ఆ దేశంలో వీటిని కూడా మత్తుమందు కిందనే చూస్తారు."

గిన్నె అక్కడే వదిలేశాను. చెయ్యి కూడా తుడుచుకోలేదు. తిరుపాలమ్మను అత్త దగ్గర కూర్చోబెట్టి, దొరికిన బస్సెక్కి అనంతపురం పోయాను.

డాక్టరు హరినాథ్ ముందు విసుక్కున్నాడు. గసగసాలు, పాలు అని నేను చెప్తుంటే సాకులనుకున్నాడు. తర్వాత అల్మారాలోంచి లావుపాటి పుస్తకం తీసి తిరగేశాడు. చదివి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"నిజమే. గసగసాలు ఎక్కువగా తింటే ఈ పట్టీ మీద తేలుతుంది. తిండి సంగతి కూడా నేను అడగాల్సింది" అన్నాడు.

"మరి నా మాత్రలు యాడికి పోయినాయి సార్?"

అప్పుడు మా ఆయన సంగతులు అడిగాడు. సుంకప్ప సూదుల గురించి, తొడల మీద చెక్కలాంటి చర్మం గురించి చెప్పాను. డాక్టరు ముఖం మారింది.

"అది పెంటజోసిన్ సూది అయ్యుంటుంది. మీ ఆయన దానికి అలవాటు పడి ఉంటాడు. చూడమ్మా, నొప్పి తగ్గించే ఈ మందులన్నీ ఒంటి మీద చేసే పని దాదాపు ఒకటే. కానీ వాటి పుట్టుక వేరు. మార్ఫిన్ నల్లమందులోంచి వస్తుంది, ఈ పట్టీ దాన్ని పట్టుకుంటుంది. కోడీన్ ఒంట్లోకి పోయాక కొంత మార్ఫిన్‌గా మారుతుంది కాబట్టి దాన్నీ పట్టుకుంటుంది. పెంటజోసిన్, ట్రామడాల్, పెథిడిన్ లాంటివి ఫ్యాక్టరీలో వేరే రకంగా తయారైనవి. ఈ పట్టీకి అవి తెలియవు. మీ ఆయన నిన్న సూది వేసుకుని ఈరోజు వచ్చినా రెండు గీతలే వస్తాయి."

అంటే ఆ పట్టీ దొంగను చూసి దారి ఇచ్చింది, పాలు తాగినదాన్ని పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"ఇప్పుడే వచ్చి ఆ డబ్బా గుంజుకోండి సార్" అన్నాను.

"అనుమానంతో ఆ పని చేయలేనమ్మా. నువ్వు చెప్పేది ఇంకా రుజువు కాలేదు. ఒక పని చేద్దాం. మీ అత్తగారికే పరీక్ష పెడదాం. ఇవాళ్టి నుంచి ఆమెకు గసగసాలు పూర్తిగా ఆపెయ్యి. వారంలోపు నేనే మీ ఊరు వస్తాను. మాత్రలు ఆమెకు అందుతుంటే ఒక్క గీత రావాలి. రెండు వస్తే ఆమె ఒంట్లో మందే లేదని అర్థం. అప్పుడు మీ ఆయన జవాబు చెప్పుకోవాలి."

ఇంటికొచ్చి పాలు ఆపేశాను. ఆ దినాల్లోనే ఆమె ముఖం సగం ఉబ్బి, కన్ను మూసుకుపోయింది. గ్లాసు కోసం చెయ్యి చాచేది. నేను ముఖం తిప్పుకునేదాన్ని. చివరికి, "ఎందుకే పాలు ఆపినావు? ఏం తప్పు చేసినానే నీకు?" అని అడిగింది. ఆ మాటకు ఓర్చుకోలేక అంతా చెప్పేశాను. పట్టీ, గీతలు, గసగసాలు, డాక్టరు వచ్చే రోజు, అన్నీ. "ఇంకొన్ని దినాలు ఓర్చుకో అత్తా. డాక్టరొస్తే నిజం తేలిపోతాది. నీకు అసలు మాత్రలొస్తాయి" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత పాలు అడగలేదు. నా కోసం పళ్లు బిగబట్టుకుని ఓర్చుకుంటోందనుకుని ఆమె కాళ్లు ఒత్తాను.

డాక్టరు జీపులో వచ్చాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరు ఎందుకొచ్చాడో ఆయనకు చెప్పలేదు గానీ, వచ్చినవాడి చేతిలో పట్టీ చూసి ఆయన ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం నేను కళ్లారా చూశాను. అత్త కింద గిన్నె పెట్టి పట్టింది నేనే. డాక్టరు పట్టీ ముంచి కిటికీ వెలుతురులో పెట్టాడు. రెండో గీత కోసం ముగ్గురం చూశాం.

రాలేదు. ఒక్క గీతే నిలబడింది.

మా ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది. "చూసినారా సార్? నా తల్లికి నేను మందు పోయకుండా ఉంటానా? దీని మాటలు విని మీరింత దూరం వచ్చినారు" అన్నాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఆమెకు మందు అందుతోందమ్మా. పుండు ముదిరింది, అందుకే చాలడం లేదు. అయినా నీ మాట నేను కొట్టిపారేయను. సోమవారం దాకా గసగసాలు ముట్టకుండా ఉండి రా. నీ పట్టీ మీద రెండు గీతలు వస్తే డబ్బా మళ్లీ నీ చేతికే ఇస్తాను. అప్పుడు నువ్వు చెప్పేదంతా కూర్చుని వింటాను" అన్నాడు. బోరుబండి కళ్యాణదుర్గం వైపు పోతోందనీ, తాను ఇంటికి రావడానికి చాన్నాళ్లు పడుతుందనీ మా ఆయనే చెప్పాడు కాబట్టి ఆ మాట చెవిన పడినా అడ్డు చెప్పలేకపోయాడు. కొన్ని పొట్లాలు నా ముందు పడేసి ఆ సాయంత్రమే పోయాడు.

మరునాడు అత్త పక్కబట్టలు మారుస్తుంటే ఆమె బొడ్లోని వక్కాకు సంచి కింద పడింది. వక్కాకు నమలడం మానేసి నెలలైనా ఆ సంచిని ఒంటి మీద నుంచి తీయనిచ్చేది కాదు. ఎత్తబోతే చేతికి బరువుగా తగిలింది. విప్పాను. నిండా గసగసాలు. కొన్ని తడిసి, నెత్తుటి ఎంగిలితో ఉండలు కట్టి ఉన్నాయి.

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నీళ్లు తాగితేనే విలవిల్లాడే మనిషి, పట్టీ మీద ఆ ఒక్క గీత కోసం ఆ పుండు నోట్లో పచ్చి గసగసాలు పోసుకుని మింగింది. పుండు మీద ఇసుక పోసి రుద్దుకున్నట్టే అది.

"ఏందత్తా ఇవి?"

ఆమె అబద్ధమాడలేదు. "తిరుపాలమ్మతో తెప్పించుకుంటి. నువ్వు పెరట్లో ఉన్నప్పుడు" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "వాడిచ్చే పొడి చేదు ల్యాదు హేమా. సున్నం మాదిరి ఉంటాది. మొదటి దినమే తెలిసింది నాకు. నిద్దరపోతాండానని వాడూ ఆ సుంకప్పా వాకిట్లోనే మాట్లాడుకునిరి. మాత్రలు సుంకప్పకిచ్చి వాడు సూదులు తెచ్చుకుంటాండాడు."

"తెలిసి కూడా గమ్మునున్నావా?"

"నా కొడుకు కదే. డాక్టరు జైలంటాండాడు. ఒక్క పూట సూది లేకుంటే వాడు ఎట్ల వణుకుతాడో నువ్వు చూల్యా. జైల్లో పెడితే సచ్చిపోతాడు."

"మరి నేను? ఊరంతా నన్ను మత్తుదానా అంటాండారే. మా నాయన నా ఇంట్లో నీళ్లు ముట్టకుండా పోయినాడే. నేనేం కావల్ల?"

ఆమె తెరుచుకునే ఒక్క కన్నుతో నన్ను చూసింది. "నువ్వు గట్టిదానివి. తట్టుకుంటావు."

ఎన్నేళ్లు తిట్టిందో ఆ నోరు నన్ను. అంతకంటే పెద్ద తిట్టు మాత్రం ఎప్పుడూ వినలేదు. సంచి ఆమె మంచం మీదకు విసిరికొట్టి బయటకు పోయాను. ముసలిదానికి సిగ్గులేదు, నీతి లేదు, కొడుకు పిచ్చి తప్ప ఇంకేమీ లేదు అని పైకే తిట్టాను. గోడ అవతల తిరుపాలమ్మ వింటోందని తెలిసే తిట్టాను.

అయినా సోమవారం ఉంది. సోమవారం నా పట్టీ మీద రెండు గీతలు వస్తాయి. అప్పుడు నా మాటకు విలువ ఉంటుంది. సున్నంపొడి పొట్లం, ఈ సంచి, రెండూ తీసుకుపోయి డాక్టరు బల్ల మీద పెడతాను. సాయంత్రానికి చేదు మాత్రలతో తిరిగొస్తాను. ఆమె మిగిలిన దినాలు నొప్పి లేకుండా పోతాయి. నన్ను తిడుతూ పోతుంది. నాకు కావలసింది అంతే. దాని కోసం గసగసాల చెయ్యి కూడా నోటి దగ్గరకు పోనివ్వలేదు.

ఆమెకు మాత్రం ఇక పాలు ఆపాల్సిన పని లేదు కదా. ఆదివారం మధ్యాహ్నం నొప్పి మరీ ఎక్కువై మంచం కోడు పట్టుకుని తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే పాలు కాచి తీసుకుపోయాను. తల ఎత్తి పట్టుకుని గ్లాసు పెదవుల దగ్గర పెట్టాను.

"ముందు నువ్వు తాగు" అంది.

"ఆటలకు ఇదా యాళ? తాగు అత్తా."

"నువ్వు తాగితేనే నేను తాగేది."

అప్పుడు ఆమె కంటిలోకి చూశాను. అది ఆట కాదు. ఎప్పుడు ఏ గీత వస్తుందో ఆమెకు నేర్పింది నేనే.

"నేను తాగను. రేపు సోమవారం."

"తెలుసు."

"నీ కొడుకు పేరెత్తను. పోలీసుల మాట ఎత్తను. డబ్బా మాత్రం తెచ్చుకుంటా, నీ మీద ఒట్టు."

"డాక్టరు అడిగితే నువ్వు చెప్పకుండా ఉండవు. నీ నోరు నేను నేర్పిందే కదే" అని పెదవులు బిగించి గోడవైపు తిరిగింది.

బతిమాలాను. కాళ్లు పట్టుకున్నాను. తిట్టాను. ముక్కు మూసి బలవంతంగా పోయబోతే పాలు దవడ పక్కనుంచి కారి దిండు తడిసింది తప్ప ఒక్క గుక్క లోపలికి పోలేదు. గ్లాసు కింద పెట్టి పెరట్లోకి పోయి కూర్చున్నాను. ఒక్క పూట, ఒక్క రాత్రి. ఓర్చుకుంటే ఓర్చుకోనీ, తెచ్చుకున్న పంతమే కదా అనుకున్నాను. చెవులు మూసుకున్నాను. చేతుల సందుల్లోంచి కూడా ఆమె అరుపు వినిపించింది. మనిషి గొంతులా లేదు. కాసేపటికి తిరుపాలమ్మ గోడ దగ్గరకు వచ్చి, "ఏమన్నా చెయ్యమ్మే, వినల్యాకుండా ఉండాను" అంది.

లోపలికి పోయాను. పాల మీద మీగడ కట్టింది. గ్లాసు ఎత్తి సగం తాగాను. ఆమె ముందు నిలబడి నోరు తెరిచి చూపించాను.

"చావలే కదా?" అని అడిగింది.

 తల ఎత్తి పట్టుకుని మిగిలిన సగం ఆమెకు తాగించాను. చివరి చుక్క దాకా తాగింది.

సోమవారం పొద్దున అనంతపురం బస్సు మా వాకిలి ముందు నుంచే పోయింది. నేను ఎక్కలేదు. ఏ గీత వస్తుందో నాకు తెలుసు. గసగసాల డబ్బా దింపి, మధ్యాహ్నానికి కావలసినన్ని నానబెట్టాను.